నేను లెక్కపెట్టని రెండు వందల కాయలు

నలభై ఆరో ఏట ఫిట్స్ మొదలయ్యాక నాకు పోయినవి ఇవి: ముందుపన్ను ఒకటి, మోటారు సైకిల్ తోలడం, పదమూడో ఎక్కం, పదిహేడో ఎక్కం, నోటిదాకా వచ్చి ఆగిపోయే పేర్లు చాలా. ఎక్కాలు పోయింది జబ్బు వల్లో మాత్రల వల్లో తెలియదు. దెయ్యాల మీద నమ్మకం ఇందులో లేదు. అది నాకు ఎప్పుడూ లేదు.

కొత్త మాత్ర మొదలుపెట్టాక ఒకటి మాత్రం వచ్చింది, కోపం. కూరలో ఉప్పు తగ్గిందని కంచం తోసేసేవాణ్ణి. తర్వాత సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.

అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరి కొట్టులో కాయల లెక్క నా పని. బడిలో నేర్చింది కాదు, రాశుల దగ్గర నిలబడి నేర్చుకున్నది. మా మేనమామ కొడుకు వెంకన్న చేతికి రెండేసి చొప్పున కాయలు విసురుతాడు, నేను పైకి లెక్క చెబుతాను. వంద నిండగానే గుర్తుగా ఒక కాయ పక్కన పెడతాడు.

ఆ రోజు పొద్దున్న ఏడు వందలు అనడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది నోట్లో తుప్పు రుచి. ఎదురుగా తొమ్మిది గుర్తుకాయలు.

"లేని రెండు వందలు కలిపేస్తావురా, దొంగా!" అని అరిచాను. మేమిద్దరం కాక కొట్టులో పదకొండు మంది ఉన్నారు.

వెంకన్న ముఖం మాడిపోయింది. "నువ్వే లెక్కెట్టావు బావా. ఆగనేలేదు. కొత్తగా రాగం తీస్తుంటే నవ్వాను కూడాను."

కొట్టు ఊడ్చే ముసలి సూరమ్మ చీపురు వదిలేసింది. "అది మీ నాన్న ఇక్కడ కాయలు లెక్కపెట్టే రాగం బాబూ. ఆయన పోయాక మళ్ళీ ఇవాళే విన్నాను."

నాన్న పోయేనాటికి నాకు ఎనిమిది నెలలు. ఆ రాగం నాకెవరూ నేర్పలేదు. ఇప్పుడు తీయమన్నా రాదు.

రాశి మళ్ళీ లెక్కపెట్టారు. తొమ్మిది వందలు. ఒక్క కాయ తేడా లేదు.

కొన్ని ఫిట్స్‌లో స్పృహ లేకపోయినా చేతులూ నోరూ అలవాటైన పని చేస్తూ ఉండొచ్చని కాకినాడ డాక్టరుగారు చెప్పారు. కోపం మాత్ర వల్ల కావచ్చని మందు మార్చారు, తగ్గింది. రాగం సంగతి అడిగితే, "అది నాకు తెలీదండి" అన్నారు. నాకూ ఇప్పటికీ తెలియదు.

కోపం మాత్రది కావచ్చు. దొంగ అన్న మాట నాదే. వెంకన్న మర్నాడే వేరే కొట్టుకు వెళ్ళిపోయాడు. అందరి ముందూ అన్నాను కనుక, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి తప్పు నాదని చెప్పాలనుకున్నాను. ఇప్పటికి ముగ్గురికి చెప్పగలిగాను. ఇంకా ఎనిమిది మంది. వెంకన్నతో తొమ్మిది.