ఇయర్ బడ్ అని చెప్పాను

ఆ మధ్యాహ్నం డ్యూటీ అయ్యేసరికి ఎడమ చెవిలో గుయ్‌మని ఒకటే మోత. ఫోను ఆ చెవికి పెట్టుకుంటే మావారి మాట ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంది.

నేను రేపల్లెలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సును. ఆ పొద్దున గుండెనొప్పితో ఒక పెద్దాయన వచ్చారు. ఇసిజి చూసి గుంటూరు పంపాలన్నారు డాక్టరుగారు. ఆ మాట ఆయన కొడుక్కి చెప్పే పని నాకు అప్పగించి లోపలికి వెళ్లిపోయారు. గంటసేపు ఉంచుకుని ఇప్పుడా చెప్పేది అంటూ అతను నా చెంప పగలగొట్టాడు. మేనేజరు వచ్చి నాకే సర్దిచెప్పాడు, బయటికి పొక్కితే ఆస్పత్రి పేరు పోతుందని. సరేనన్నాను. తెలిస్తే మావారు ఉద్యోగం మానిపిస్తారని ఇంట్లోనూ నోరు విప్పలేదు. రోజూ పేషెంట్లకు దాచకుండా చెప్పండమ్మా అని చెప్పే నోరే ఇది.

నాలుగు రోజులు ఇంట్లో ఉన్న చుక్కల మందు వేసుకున్నాను. తలస్నానం కూడా చేశాను. దెబ్బ తగిలిన చెవికి రెండూ చేయకూడదని నర్సునై ఉండి నాకు తట్టలేదు. చీము పట్టింది. మావారే తెనాలిలో ఇ.ఎన్.టి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు.

ఇయర్ బడ్ గుచ్చుకుందని ఇద్దరికీ చెప్పాను. డాక్టరుగారు చెవిలో లైటు వేసి చాలాసేపు చూశారు. తర్వాత మావారిని బయట కూర్చోమన్నారు.

"కర్ణభేరికి పర్ఫొరేషన్ అయిందమ్మా, చిల్లు పడింది. ఇది బడ్డుతో అయినట్టు లేదు, చెంపదెబ్బకి అయినట్టుంది. ఇంట్లో కొడుతున్నారా?"

సిగ్గుతో చచ్చిపోయాను. పెళ్లయి ఎనిమిదేళ్లలో నా మీద చెయ్యెత్తని మనిషి తలుపు అవతల నా బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అక్కడి సిస్టరు ఆయన్ని చూస్తున్న చూపు తలుపు అద్దంలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. ఏడుస్తూ జరిగిందంతా చెప్పాను. డాక్టరుగారే ఆయన్ని లోపలికి పిలిచి వివరించారు.

తిరుగు రైలు వేమూరు దాటాక మావారు నా బ్యాగు తీసి నా ఒళ్లో పెట్టారు.

"కొట్టింది ఎవడో. వాళ్లంతా నా వంక చూశారు," అన్నారు.

మూడు నెలలైనా రంధ్రం పూడలేదు. దాన్ని మూసే ఆపరేషన్, టింపనోప్లాస్టీ చేశారు. వినికిడి కొంత తిరిగొచ్చిందని ఆడియోగ్రామ్‌లో తేలింది గానీ మోత పోలేదు. దెబ్బ వల్లే అయిందని డాక్టరుగారు రాసిచ్చిన కాగితంతో పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. కేసు ఇంకా నడుస్తోంది.

ఇప్పుడు బాపట్లలో వేరే ఆస్పత్రిలో చేస్తున్నాను. ఇక్కడ చెడ్డ కబురు డాక్టరే చెబుతారు, పక్కన ఇంకొకరు ఉంటారు. అయినా ఎవరైనా గొంతు పెంచితే నా చెయ్యి తెలియకుండానే చెంప మీదికి పోతుంది. భయం తగ్గలేదు, ఉన్నమాటే చెబుతున్నాను.

తోటి సిస్టర్లకు ఒక్కటే చెబుతాను. దెబ్బ తగిలిన రోజే డాక్టరుకు చూపించుకుని, ఎవరు కొట్టారో చీటీ మీద రాయించుకోండి. మీరు దాచిపెడితే ఆ నింద మీ ఇంటి మనిషి మీద పడుతుంది.