గంజి తాగినామని రాయి

ఆ నవలను నేను మొదట చూసింది నంద్యాలలో, నేను పాఠాలు చెప్పే మిషన్ బడిలో. మద్రాసు నుంచి వచ్చే ఒక వారపత్రికలో సీరియల్‌గా పడేది. కథంతా మా తాతల గురించే. అరవై డెబ్భై ఏళ్ల కిందటి ధాత కరువులో ఒక దొర ఒక చేత్తో గంజి గరిటె, ఇంకో చేత్తో బైబిలు పట్టుకుని ఊళ్లకు ఊళ్లను మతంలో కలుపుకున్నాడట. ఆ కథలో మా పెద్దలకు ఆకలి తప్ప ఇంకేమీ లేదు. నోరు కూడా లేదు.

నాలుగో వారానికి తోటి టీచరమ్మ ఒకామె, అంతవరకు నా పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి, నా క్యారియర్ చూసి "ఈ రోజు గంజేనా?" అని నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ ఆదివారం ఆరాధన కాగానే మా పాస్టరు అయ్యగారు పత్రికకు పంపబోయే జాబు చదివి వినిపించారు. మనవాళ్లెవరూ ఆ గంజి ముట్టనే లేదని, వాక్యం విని మాత్రమే నమ్మారని ఉంది అందులో. అందరూ సంతకాలు పెట్టారు. నాకు చెయ్యి రాలేదు. మా అవ్వను అడిగి పెడతానని చెప్పి, జాబుకు నకలు రాసుకున్నాను.

శనివారం బొగ్గుతో నడిచే బస్సెక్కి ఆళ్లగడ్డకు పోయాను. కరువు నాటికి అవ్వకు ఏడెనిమిదేళ్లు. కథ, జాబు రెండూ చదివి వినిపించాను. కథ విన్నంతసేపూ ఊరికే ఉంది. జాబు వినగానే లేచి కూర్చుంది.

"తాగలేదని రాసినాడా? యాడుండె ఆయప్ప అప్పుడు? నేను తాగినా, మా నాయన తాగినాడు. పెద్ద రైతులు గూడా తాగినారు. వాళ్లకు వేరే పొయ్యి, వేరే వంటాయన, అంతే. వాళ్లను గంజోళ్లని ఎవురూ అనరే?"

"మరి బాప్తిస్మం, అవ్వా?"

"కరువు పోయిన నాలుగేండ్లకు. అప్పటికి ఇంట్లో కొర్రలుండాయి. నాకు చదువు చెప్తామన్నారని మా నాయన మతంలో కలిసినాడు. ఆడపిల్లకు చదువు, మే! గంజి తాగినామనే రాయి. సిగ్గేందీ దాంట్లో?"

అట్లాగే రాసి అయ్యగారికి చూపించాను. "నిజమే కావచ్చు తల్లీ. మన నోటితో మనమే ఒప్పుకుంటే ఇంకేముంది?" అని కాగితం మడిచి నా చేతికిచ్చారు. నేనే పోస్టులో వేశాను.

పత్రికలో పడింది మాత్రం అయ్యగారి జాబు. దాని కిందే రచయిత, గంజి పోసినట్టు పాత సర్కారు కాగితాలు చూపించి, మమ్మల్నందరినీ అబద్ధాలకోర్లని తేల్చేశాడు. నా జాబు ఏ వారమూ పడలేదు.

ఆ తర్వాత నవల పుస్తకంగా కూడా వచ్చింది. రచయిత మీద నాకు కోపం ఉంది. అయ్యగారి మీద అంతకన్నా ఎక్కువ ఉంది. ఆకలేసిన పిల్ల గంజి తాగితే మీకెందుకయ్యా నామోషీ అని ఆయన ముఖం మీదే అడగాల్సింది. అడగలేదు.