మంగ హోటల్ తొవ్వల బండ్ల లెక్క

"ఆ తొవ్వల నిజంగ గన్నే బండ్లు తిరిగినయా అక్కా?"

"అవ్. గన్నే."

నాకూ నా తోటికోడలు మంగకూ నడుమ ఆఖరి మాట గదే. ఆమె దవాఖానాల మంచం మీద ఉన్నది. కండ్లు పచ్చగైనయి. నేను పక్కన స్టూలు మీద కూసున్న. ఆమె అడిగింది, నేను అబద్ధం చెప్పిన. ఆమె గోడ దిక్కు తిరిగి పండుకున్నది. మూడోనాడు పోయింది.

ఏండ్లు గడిచినయి. ముద్ద నోట్లె పెట్టుకుంటే ఆ అబద్ధాన్నే నములుతున్నట్టుంటది. మింగుడు పడదు, ఉమ్మేటందుకు రాదు.

మీరెవరో నాకు తెల్వదు. తెల్వదు గనుకనే మీకు చెప్పగలుగుతున్న. నాకు చదువు రాదు. నా పేరు గూడ చూసి గీసుడే గని ఏ అక్షరం ఏదో ఎరుక లేదు. నేను చెప్తుంటే రాస్తున్నది రేణుక. మంగ బిడ్డ. నన్ను పెద్దమ్మా అంటది. తల్లి పోయినంక నా కాడనే ఉంటున్నది. నా బట్టలు ఉతుకుతది, నా మోకాళ్లకు నూనె రాస్తది. ఇయ్యాల పనికి పోలే. పగటన్నం తిన్నంక "ఒక సంగతి రాసిపెట్టు బిడ్డా" అంటే, పింఛన్ కాయితమేమో అనుకొని కూసున్నది. గిది తన తల్లి సంగతని ఆమెకు ఇప్పుడే తెలిసింది. పెన్ను ఆగింది.

రాయి బిడ్డా. ఆగకు. నువ్వు ఆగితే నేను ఇంక ఎన్నడూ చెప్పలేను.

మా ఊరు ఖమ్మంకెల్లి భద్రాచలం పొయ్యే దిక్కు, అడివి మొదలయ్యే కాడ ఉంటది. పెద్ద రోడ్డు మీద ఒక షావుకారు జాగ కొన్నడు. కింద దుకాణాలు, మీద ఇండ్లు, ఎనుక పెండ్లిండ్ల హాలు, అన్నీ ఒక్క బిల్డింగులనే అన్నరు. ఆ జాగకు ముందట పెద్ద రోడ్డు. పక్కకెల్లి గూడేలకు పొయ్యే తొవ్వ. ఆ తొవ్వ అంచున మంగ చాయ్ హోటలు. నాలుగు గుంజలు, పైన రేకులు, గంతే.

బిల్డింగు లేవకముందే దానికి ఎన్ని బండ్లు వస్తయో లెక్క గట్టాలెనట. దానికొక సర్వే సారు వచ్చిండు. నాకు నవ్వొచ్చింది. పుట్టని పిల్లకు అంగీ కుట్టిచ్చినట్టు ఇదేం లెక్క అనుకున్న. సారు ఓపికగ చెప్పిండు. గసొంటి బిల్డింగే ఖమ్మంల ఒకటి ఉన్నదట. ఆడ పొద్దుగాల ఎన్ని బండ్లు బయటికి పోతున్నయో, మాపటికి ఎన్ని లోపలికి వస్తున్నయో చూసిండట. ఇండ్లకు ఇన్ని, దుకాణాలకు ఇన్ని. "పైన ఉండేవాళ్లు కిందికి దిగి ఉప్పు కొనుక్కుంటే బండి తియ్యరు కదమ్మా, అవి తీసెయ్యాలి" అన్నడు. మిగిలినయి ఇప్పుడు తొవ్వల తిరిగే బండ్లకు కలిపి చూస్తరట. ఏ తొవ్వ ఖాళీగ ఉంటే బిల్డింగు గేటు ఆ తొవ్వకు పెడ్తరు. తొవ్వ వెడల్పు చేస్తరు. అంచున ఏమున్నా తీసేస్తరు.

ఆ మాట నేను మంచిగ ఇన్న. మల్ల చెప్తున్న, మంచిగ ఇన్న. తెల్వక చేసిన తప్పయితే ఇన్నేండ్లు గింత బరువు మొయ్యకపోదును.

లెక్కకు నన్నెందుకు పెట్టుకున్నడంటే, నేను తునికాకు కల్లంల కట్టలు లెక్కవెట్టిన మనిషిని. ఎండకాలం అడివిల బీడీలకు ఆకు తెంపి, కట్టలు కట్టి, కల్లంల వరుసగ పేరుస్తరు. ఒక ఆడమనిషి ఆ వరుసల నడుమ నడుచుకుంట లెక్క చెప్తది. ఆమె నోట్లెకెల్లి లెక్క వచ్చినంక ఇంకొకళ్లు మల్ల లెక్కవెట్టరు. మల్ల లెక్కవెట్టుడంటే ఆమెను దొంగ అన్నట్టే. మా కల్లంల గది పద్ధతి. పదేండ్లు ఆ మనిషిని నేనే.

సారు నాకు బొమ్మల కాయితం ఇచ్చిండు. మోటరుసైకిలు, ఆటో, కారు, ట్రాక్టరు, లారీ. ఏ బండి పోతే ఆ బొమ్మ పక్కన ఒక గీత. నాలుగు నిలువు, ఐదోది అడ్డం. మంగ హోటల్‌కు ఎదురుంగ కానుగ చెట్టు నీడల నాకు కుర్చీ ఏసిండు.

ఇంక అసలు సంగతి. మంగను చూస్తే నాకు కండ్లమంట. ఎప్పటిసంది? నా మొగడు పోయినప్పటిసందా? నేను గూడ గట్లనే అనుకుందామని చూసిన. కాదు. అంతకు ముందటిసందే. ఆమె కాపురానికొచ్చిన ఏడే కడుపు పండింది, నాకు పండలే. నా మొగడు మంచోడే గని మాట లేని మనిషి. మరిది గట్ల కాదు. పొయ్యి కాడ మంగకు చెమట వడితే తన కండువతోని తుడుస్తుండె. అందరి ముందట, సిగ్గు లేకుంట. నా మొఖం ఎవలన్న తుడిచిండ్రా? మొగడు పోయిన నాడు గూడ నా చెంగుతోని నేనే తుడుచుకున్న. మంగ నాకేం ద్రోహం చేసింది? ఏం చెయ్యలే. అన్నం పెట్టింది. పండుగకు చీర తెచ్చింది. ఆ పెట్టుడే నాకు మంట. తిట్టిన మనిషిని మల్ల తిట్టి ఊకుంటం. పెట్టేటామెను ఏం చేస్తం?

ఆ దినం సంత. పొద్దుగాల సరిగనే గీసిన. గూడేలకెల్లి ఆటోలు ఒకదాని ఎనుక ఒకటి వస్తున్నయి. మంగ నాకు చాయ్ తెచ్చింది, ఉడకవెట్టిన పల్లికాయ తెచ్చింది. మరిది హోటల్లకెల్లి కేకేసిండు.

"వదినే, కాయితం పట్టుకొని పోలీసామె లెక్క కూసున్నవ్. నాకు గూడ చలానా రాస్తవా ఏంది?"

"ముందుగాల నీకే రాయాలె," అన్నది మంగ. "చక్కెర డబ్బ మూత పెట్టమని పొద్దుగాలసంది మొత్తుకుంటున్న. చీమలకు చాయ్ పోస్తవా?"

"చీమలు గూడ నీ చాయ్ కోసమే వస్తున్నయే పిల్లా!"

పిల్లా అన్నడు. గంత బిడ్డ ఉన్నంక గూడ పిల్లా అంటున్నడు. ఇద్దరూ నవ్విండ్రు. ఆటోలోళ్లు నవ్విండ్రు. నేను గూడ నవ్విన, మొఖంతోని. అప్పుడు నా ముందటకెల్లి మూడు ఆటోలు పోయినయి. నేను ఒక్క గీత గీసిన.

మరిచిపోయి కాదు. చూడక కాదు. మూడిటిని చూసిన, ఒక్కటి గీసిన. ఎంత సులువుగ అయింది! ఎవలూ అరవలే, ఏదీ కూలలే. మల్ల రెండు పోయినయి, ఏమీ గీయలే. మంగ నవ్వినప్పుడల్ల నా పెన్ను ఆగింది. ఆ దినం మంగ శానా నవ్వింది.

మాపటీలి సారు వచ్చి లెక్క పైకి చదివిండు. నొసలు ముడిచిండు.

"ఇన్ని గూడేలకు పోయే దారి, ఇంత తక్కువా అమ్మా? రేపు ఇంకో మనిషిని కూడా కూర్చోబెట్టి చూస్తాను."

నేను నోరు తెరిచేలోపే మంగ వచ్చింది, చేతిల చాయ్ వడవోసే గుడ్డ పట్టుకొని.

"మా అక్క లెక్క మీద లెక్క పెట్టకు సారూ. కల్లంల వేల కట్టలు లెక్కవెట్టిన మనిషి, ఒక్క కట్ట అటిటు కాలే. మొగడు లేనిదని ఎవలంటే వాళ్లు అనుమానిస్తరా?"

సారు సరే అని ఆ కాయితమే పట్టుకపోయిండు.

"ఆగు సారూ, రేపు మల్ల గీస్త" అంటే అయిపోతుండె. ఒక్క మాట. ఎందుకు అనలే? భయమా? భయం గూడ ఉండె. గని దానికంటె పెద్దది ఇంకొకటి. ఆమె నన్ను కాపాడింది గదా, ఆ కాపాడుడు గూడ నాకు పడలే. మల్ల ఆమెనే మంచిదైంది, పదిమంది ముందట. ఆ కోపంతోని నోరు మూసుకున్న.

కొన్ని నెలలకు గేటు ఆ తొవ్వకే ఖాయమైంది. హోటల్ జాగ సర్కారుది, మంగకు కాయితం లేదు. మరిది తన చేతులతోనే రేకులు ఇప్పిండు. "అక్కా, అటు దిక్కు పట్టు" అన్నది మంగ. పట్టిన. ఇద్దరం కలిసి మోసినం. రేణుకా, గిది రాయి, గిది ఇడువకు. ఆ రేకు మోస్తుంటే నా కడుపుల చల్లగైంది. ఇంక ఈమె గూడ నా లెక్కనే అయితది అనుకున్న.

వాళ్లు మధిరకు పోయిండ్రు. రైలు స్టేషన్ కాడ వేరేవాళ్ల హోటల్ల మరిది చాయ్ మాస్టరు, మంగ గిన్నెలు తోముడు. సొంత పొయ్యి కాడ రాణి లెక్క నిలవడ్డ మనిషి. అయినా పండుగకు నాకు చీర పంపింది. ఆడనే పసిరికలైనయి, కామెర్లంటరు గదా, అవి. జల్దీ చూపించుకోలే. నీళ్లతోని వచ్చింది అన్నడు డాక్టరు. నీళ్లే కావచ్చు. ఆమెను ఆ నీళ్ల కాడికి పంపింది ఎవలు?

బిల్డింగు లేచినంక సంత దినం ఆ తొవ్వల ఆటోలు ఇరుక్కుంటున్నయని, గూడెపోళ్లు ముసలోళ్లను ఎత్తుకొని నడుస్తున్నరని మంగ మంచం మీద ఉండి ఇన్నది. అందుకే నన్ను అడిగింది. గని ఆమె చాయ్ పోసిన మనిషి గదా! ఆ సంత నాడు ఆమె పోసిన గలాసలే నా గీతలకంటె ఎక్కువ. సారు చదివిన లెక్క ఆమె గూడ ఇన్నది. గిది నాకు ఆమె పోయినంక తట్టింది. అంటే తెలిసే అడిగిందా? చెప్పుకో అని ఆఖరికి నాకొక సందు ఇచ్చిందా? లేకుంటే నమ్మకంతోనే అడిగిందా? ఏది నిజమైతే నాకు మంచిది? ఏదీ మంచిది కాదు.

ఇంకొకటి చెప్త. మంట ఇంకా ఆరలే. రేణుక రోజూ తల్లి ఫొటోకు పువ్వు పెడ్తది, నాకు కండ్లు మండుతయి. పోయినామె మీద గూడ. నా మోకాళ్లకు నూనె రాసుకుంట "మా అమ్మ గిట్లనే రాసేది" అంటది. ఆ చెయ్యి నాదొక్కదానిదే కావాలె అనిపిస్తది. చెప్పకుంటే ఈ పిల్ల నాకుంటది, చెప్తే పోతది. గిన్నేండ్లు నా నోరు కట్టింది గదే.

పోయిన వారం మల్ల సర్వేకు వచ్చిండ్రు. పక్క జాగల ఇంకొక బిల్డింగట. రేణుక ఆ పాత బిల్డింగులనే బట్టల దుకాణంల పని చేస్తది, ఆ గేట్లెకెల్లే పోతది, వస్తది. సర్వేవాళ్లతోని చెప్పిందట. "మా పెద్దమ్మను పెట్టుకోండ్రి, ఆమె లెక్క తప్పదు." ఇంటికొచ్చి సంబురంగ నాకు చెప్పింది. అచ్చం మంగ గొంతు. ఇంక నాతోని కాలే.

చెప్పిన. మాఫ్ చెయ్యమని ఎవల్నీ అడుగుతలేను. అడగాల్సిన మనిషి లేదు. చెప్పినంత మాత్రాన నేను మంచిదాన్ని కాలే. ఊపిరి మాత్రం లోపలిదాక పోతున్నది.

రేణుక తల ఎత్తుతలేదు. రాసుడు మాత్రం ఆపలే.

బిడ్డా, ఇంక నన్ను ఏమని పిలుస్తవో నీ ఇష్టం. పిలవకపోయినా నీ ఇష్టం. బట్టలు సదురుకొని మీ నాయిన కాడికి పోతనంటే అడ్డం రాను. గని పొయ్యే ముందుగాల గీ కాయితం మొదటిసంది చదివి ఇనిపియ్యి. నాకు అక్షరం రాదు. నా మీద దయ తలిచి యాడనన్న మెత్తగ రాసినవేమో, నాకెట్ల తెలుస్తది? రాస్తే కొట్టేసి, నేను ఎట్లన్ననో గట్లనే పెట్టు. గట్టిగ చదువు. నేను ఇంటున్న.