గొట్టానికి అడ్డం

నా చెవులంటే నాకే రోత పుట్టింది సిద్దిపేట బస్టాండులో.

సినిమావాళ్లు వాడి వదిలేసిన పాత షాట్‌గన్ మైకు ఒకటి కొన్నాను. పొడుగాటి గొట్టం. ఎటు తిప్పితే అటు మాటల్నే పట్టుకుంటుంది. బస్సు కోసం కూర్చుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని దాన్ని పరీక్షిస్తున్నాను. దూరంగా స్తంభం చాటున ఒకామె ఫోనులో ఏడుస్తోంది. గొట్టం అటు తిప్పాను. దుబాయ్‌లో ఉన్న మొగుణ్ని ఈసారైనా రమ్మని బతిమాలుతోంది. ఎక్కిళ్లు కూడా పక్కనే ఉన్నట్టు వినిపించాయి. మైకు పనితనానికి మురిసిపోయాను.

"గదేంది బిడ్డా?" అంది పక్కన కూర్చున్న ముసలమ్మ. గొప్పగా హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టాను.

రెండు క్షణాలకే వాటిని లాగి నా ఒళ్లో పడేసి, కొంగుతో చెవులు తుడుచుకుంది.

"మా కోడలికి దుబాయ్ ఫోనొస్తే ఇంట్ల ఉన్నోళ్లమంత వాకిట్లకు పోతం. సదువుకున్నోని లెక్క కనవడుతున్నవ్, గింత సిగ్గన్న లేదా?"

లేచి వెళ్లి, నాకు వీపు పెట్టి, ఏడుస్తున్నామెకు అడ్డంగా నిలబడింది. నా సంగతి చెప్పేస్తుందేమోనని మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను.

"నువ్వు మాట్లాడు బిడ్డా, నేనీడ అడ్డం నిలబడ్డ. ఎవరూ ఇనరు."

ఆ మాట కూడా నేను దొంగచాటుగానే విన్నాను.