ఈగ వాలని మాంసం

అబద్ధాలు రాస్తున్నారు మీరు. అవును, మిమ్మల్నే అంటున్నాను... "మా రోజుల్లో పురుగుమందుల్లేవు, తిన్నదల్లా అమృతం" అని పోస్టు పెట్టి, కింద లవ్ గుర్తులు చూసుకుని మురిసిపోతున్న మిమ్మల్నే. మందుల్లేని ఆ రోజులు ఏ జిల్లాలో ఉన్నాయండీ? ఎనభైల్లో మా పర్చూరు వైపు పత్తి చేలల్లో తిరిగిన మనిషెవరూ ఆ మాట అనరు.

మా చిన్నప్పుడు... పెరట్లో ఒక ఇనప డ్రమ్ము ఉండేది. పురుగుమందు వచ్చిన డ్రమ్ము. ఊళ్లో చాలా ఇళ్లలో ఉండేవి అలాంటివి. ఖాళీ అయ్యాక బూడిదతో, చింతపండుతో తోమేవాళ్లు. వాసన పోతే విషం పోయిందనే నమ్మకం. కొందరు అందులో కుడితి పోసేవాళ్లు, కొందరు వడ్లు పోసేవాళ్లు...

మా బాబాయి మిలటరీలో పనిచేసేవాడు. నాగాలాండ్ కొండల్లో మాంసాన్ని పొగబెట్టి తినడం చూసొచ్చాడు. ఆయనకి సింగరాయకొండ సంబంధం కుదిరింది. పెళ్లివారు మా ఇల్లు చూడటానికి వస్తున్నారు.

"మామూలు కూరేం పెడతాం నాన్నా? పొట్టేలు పక్కటెముకలు పొగలో మగ్గిద్దాం. జన్మలో తినుండరు" అన్నాడు బాబాయి. తాతయ్య మీసం మీద చెయ్యేశాడు. దానికో డ్రమ్ము కావాలి. డ్రమ్ము పెరట్లోనే ఉంది.

తెల్లారగానే డ్రమ్ము అడుగున పత్తి కట్టె రాజేశారు. ఉప్పు, అల్లం వెల్లుల్లి, మా చేలో పండిన మిరప కారం దట్టించి ఎముకల్ని తీగలకు వేలాడదీశారు. పైన మూతగా తడి గోనెపట్టా. ఆలోచన బాబాయిది... కాపలా అమ్మది. మంట లేవకూడదు, పొగ ఆగకూడదు. అస్తమానం గోనె ఎత్తాలి, తల లోపలికి వంచి చూడాలి, నీళ్లు చిలకరించాలి. బాబాయి అరుగు మీద కూర్చుని ఆర్డర్లు వేస్తున్నాడు.

కాసేపటికి అమ్మ కళ్లు, ముక్కు ధారలు కట్టాయి. నోట్లో ఊరే నీళ్లు ఉమ్ముతూనే ఉంది.

"ఏంటి వదినా, మిరప ఘాటుకే ఇంతా? మిరపకాయల మధ్యే పుట్టావు కదా!" అని నవ్వాడు బాబాయి.

అందరూ నవ్వారు. కల్లాల్లో కాయలు ఆరబోస్తే ఊరంతా తుమ్మే చోట, కళ్లల్లో నీళ్లు చూసి ఎవరు భయపడతారు? ఘాటు అని ఒక్క మాట అనేస్తే సరిపోయేది.

ఎముకల్ని దింపి తాంబాళంలో పెట్టి వసారాలో ఉంచారు. పక్కనే గొడ్ల చావడి. ఈగలకు కొదవ లేని ఇల్లు మాది. ఆ మాంసం మీద మాత్రం ఒక్క ఈగ వాలలేదు.

తాతయ్య మురిసిపోయాడు. "చూశారా మన శుభ్రం! ఈగ కూడా మర్యాదగా దూరంగా ఉంది!"

అమ్మ ఆ తాంబాళం దగ్గరే నిలబడిపోయింది. "అత్తయ్యా, వాసన తేడాగా ఉంది. ఒక్క ముక్క రుచి చూస్తాను."

నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది. "పెళ్లివారు తినకముందే ఎంగిలి చేస్తావా? మతి ఉండే మాట్లాడుతున్నావా?"

మా ఇంట్లో అంతే. వండే మనిషి నోట పెట్టకూడదు. ఉప్పు చాలిందో లేదో కూడా వాసన చూసే చెప్పాలి. పొగంతా మింగొచ్చు... ముక్క మాత్రం ముట్టకూడదు! దీన్నేగా మీరు పద్ధతులు, సంప్రదాయాలు అని నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్నది?

అమ్మ ఎవరూ చూడకుండా ఒక ముక్క తుంచి పెరట్లో కోడిపెట్టకు విసిరింది.

పెళ్లివారు దిగారు. కాళ్లు కడుక్కున్నారు, మర్యాదలయ్యాయి, విస్తళ్లు పడ్డాయి. పెళ్లికూతురి అన్న పిల్లలు ముందు కూర్చుని "నాకు పెద్దెముక, నాకు పెద్దెముక" అని గోల. బాబాయి తాంబాళం ఎత్తుకుని బయల్దేరాడు.

అమ్మ పెరట్లోకి చూసింది. కోడి నూతిగట్టు పక్కన పడి ఉంది. ముక్కు దగ్గర నురగ.

పరుగున వచ్చి తాంబాళాన్ని ఒక్క తోపు తోసింది. ఎముకలన్నీ మట్టిపాలు.

"ఏమ్మాయ్! పిచ్చెక్కిందా? బంతిలో కూర్చున్న చుట్టాల ముందా?" తాతయ్య గొంతు వీధి చివరకి వినిపించింది.

"కోడిని చూడండి మావయ్యా... కోడిని..." అంటూనే అమ్మ కూలిపోయింది.

కోడిని ఎవరూ చూడలేదు. పెళ్లివారు విస్తళ్ల ముందు నుంచి లేచి వెళ్లిపోతుంటే అందరూ వాళ్ల వెంట పడ్డారు. నాన్న ఒక్కడే అమ్మను ట్రాక్టర్ మీద వేసుకుని చీరాల ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

డాక్టరు కళ్లల్లో టార్చి వేసి అడిగాడట... "చేలో మందు కొట్టిందా ఈవిడ?"

"లేదండీ. వంట చేసింది" అన్నాడట నాన్న.

అమ్మ బతికింది. కానీ ఆ చేతుల వణుకు ఇప్పటికీ పోలేదు. మా చుట్టాలకు గుర్తున్నది మాత్రం ఒక్కటే... ఈవిడ మరిది సంబంధం చెడగొట్టింది. ఆ డ్రమ్మునేమో మళ్లీ బూడిదతో తోమి కుడితి పోసుకున్నారు!

ఇప్పుడు మీరు మేడ మీద పాత డ్రమ్ము కోయించి, పొగబెట్టిన ఎముకలంటూ ఫొటోలు పెడుతున్నారు. అందులో అంతకుముందు ఏముండేదో అడిగారా? కాలం మారిందంటారు... మాంసం వండే మొనగాళ్లు మారారు, అంతే.

నా డిమాండ్లు ఇవి:

మందు డ్రమ్ముల్ని, డబ్బాల్ని అమ్మిన కంపెనీలే వెనక్కి తీసుకోవాలి. పాత సామాన్ల కొట్లకు ఒక్కటీ చేరకూడదు.

మందు కొట్టే కూలీలకు మాస్కు, చేతి తొడుగులు రైతే ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎవరూ చేలో దిగకూడదు.

వండిన మనిషే ముందు రుచి చూడాలి. ఎంగిలి అన్నవాళ్లు ఆ పూట పస్తుండాలి.

మీ చిన్ననాటి సంగతులు కింద రాయండి. మీ పెరటి డ్రమ్ముల్లో ఏం పోసుకున్నారో అది కూడా రాయండి.

ఇది చదువుతున్న మా చుట్టాలు మా ఇంటికొచ్చి అమ్మకు క్షమాపణ చెప్పాలి. ఆవిడకి చెవులు బాగానే వినిపిస్తాయి.