ఊరి మీదుగా మరబోటు

ఈ మధ్య ఎవరూ ఇంటికి దారి చెప్పడం లేదు, లొకేషన్ పంపుతున్నారు. మొన్న మా మేనమామ కూతురు గద్వాలలో కొత్తిల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిస్తే, వనపర్తి నుంచి బయలుదేరి, ఫోనులోని అమ్మాయి తిరగమన్న చోటల్లా తిరిగాను. ఆఖరికి ఆమె గమ్యం చేరుకున్నారని అభినందించే సమయానికి ఒక వడ్లమిల్లు వెనకగోడకు ఎదురుగా నిలబడి ఉన్నాను. ఆమె గొంతులో అనుమానమన్నది లేదు. గోడ దగ్గరున్న కుక్కకు మాత్రం నా మీద చాలా ఉంది.

మన కాలంలో దారి చెప్పడమంటే అదొక ముచ్చట. పాత టాకీసు దగ్గర దిగి, కొట్టేసిన చింతచెట్టు దాటి, మూతబడిన కిరోసిన్ డిపో పక్క సందులోకి రమ్మనేవారు. అందులో ఒక్కటీ ఉండేది కాదు. అయినా లేనివాటిని గుర్తుపట్టుకుంటూ సరిగ్గా ఇంటికి చేరేవాళ్లం. మా కుటుంబం చేరలేకపోయింది ఒక్కసారే, అదీ నీళ్ల మీద.

మా పాలమూరుకు సముద్రం లేదన్న సంగతి మీకు తెలిసిందే. అయినా మా ఇంటి చరిత్రలో ఒక నౌకాప్రమాదం ఉంది. యుద్ధం లేదు, తుఫాను లేదు, ఆకు కూడా కదలని ఒక ఎండాకాలం పొద్దున, పూర్తిగా మా సొంత తెలివితేటలతో జరిగింది.

మా అమ్మమ్మగారి ఊరు కొల్లాపురం దాటినాక కృష్ణ ఒడ్డున ఉండేది. ఉండేది అనడం కూడా తప్పేమో, ఇప్పటికీ అక్కడే ఉంది, కాకపోతే నీళ్ల కింద ఉంది. డ్యాము నిండినప్పుడు ఊరూ పొలమూ మునిగి, నష్టపరిహారం చేతికి వచ్చాక, మా మేనమామ ఇంట్లో పెద్ద చర్చ నడిచింది. వనపర్తి పక్కన ఎక్కడైనా ఒక మెట్టచెలక కొనమని, రాళ్లున్నా ఫరవాలేదని అత్త బతిమాలింది. మామ వినలేదు. భూమిని తిన్న నీళ్లే తిండి పెట్టాలని ఒక మొండి లెక్క వేసుకుని, ఎక్కడో కోస్తాలో పాతబడిన మరబోటును కొని లారీలో తెచ్చాడు. అట్లా మా మామ భూమి మొత్తం ఇంజనూ చెక్కపలకలూ అయి, నీళ్ల మీద తేలుతూ, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మనుషులనూ మేకలనూ దాటించసాగింది.

పడవకు ముందు భాగాన ఎద్దు మెడలోని గంటను కట్టాడు మామ. చుక్కాని తిప్పేటప్పుడు ఎద్దులను అదిలించినట్టే నోటితో చప్పుడు చేసేవాడు. దాన్ని పడవ అనేవాడు కాదు, బండి అనేవాడు.

మునిగిన ఊరివాళ్లు పడవెక్కితే ఒక ఆచారం ఉండేది. ఊరి మీదుగా పోనియ్యాలి. ఎవరి ఇల్లు ఎక్కడుండేదో అక్కడ ఆడవాళ్లు తమలపాకులో పసుపు కుంకుమ పెట్టి, ఇంటి కడపకు పెట్టినట్టుగా నీళ్లలో విడిచేవారు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఇబ్బంది లేదు, ఊరు ఎంతో లోతున ఉండేది. ఎండాకాలం నీళ్లు తగ్గితే మాత్రం మామ ఊరి జోలికి పోకుండా, పాత నది లోతు పట్టుకుని చుట్టు తిరిగి పోయేవాడు.

ఆ పొద్దున మేము ఆవలి ఒడ్డుకు చిన్నమామ నిశ్చితార్థానికి పోతున్నాం. అమ్మమ్మ, ఆమె మరిది అయిన చిన్నతాత, ఒళ్లో చంటిపిల్లతో అత్త, ఇంకా చుట్టాలు. పెండ్లిపిల్లకు పెట్టే గద్వాల చీర మూట అమ్మమ్మ చేతిలో ఉంది. నేను అప్పుడే వనపర్తిలో లెక్చరర్‌గా చేరి, కొత్త బూట్లు వేసుకుని, నలుగురికీ అవి కనబడేట్టు కూర్చున్నాను.

శుభకార్యానికి పోతూ కడపకు ఆకు పెట్టకుండా పోవడమేమిటని అమ్మమ్మ అడిగింది. నీళ్లు తక్కువున్నాయని మామ నసిగాడు. తల్లి ముఖం పక్కకు తిప్పుకుంది. పడవ కూడా తిరిగింది, ఊరి వైపు.

కొంతదూరం పోయాక నీళ్లపైన ఒక మొండిగోడ కొస కనబడింది. అది దేని గోడో తేలితే మిగతా ఊరంతా ఎటుందో తేలుతుంది. బడిగోడ అయితే ఎడమకు తిరిగితే ఖాళీ బండ్లబాట, దాని మీదుగా అమ్మమ్మ ఇల్లు, ఆ తర్వాత నది.

“బడే అది, ఏం రందిలేదు,” అన్నాడు చిన్నతాత. “నేను గండ్ల ఐదేండ్లు చదివిన.”

“ఐదేండ్లు ఒకటే తరగతి చదివినవ్,” అంది అమ్మమ్మ. “అది చావడిరా! గా గోడకు పిడకలు కొట్టినదాన్ని, నాకు తెల్వదా?”

“చావడి గోడ గింత పొడుగుంటదా వదినా?”

“నువ్వు దాని కింద పండుకున్నవ్ గని, ఎన్నడన్న పైకి చూసినవా?”

“అమ్మా, జర ఊకోరాదు. బండి నడిపేటోన్ని పరేషాన్ జెయ్యకు,” అన్నాడు మామ.

చుట్టాలందరి అభిప్రాయాలూ తీసుకున్నారు. నన్నూ అడిగారు. నేను చదివింది చరిత్ర, ఏదైనా జరిగిపోయాక గాని మాకు అర్థం కాదు, అందుకని ఎటూ ఓటెయ్యలేదు. మెజారిటీతో బడి గెలిచింది. మామ ఎడమకు తిప్పాడు.

అది చావడి. చావడి దగ్గర ఎడమకు తిరిగితే వచ్చేది బండ్లబాట కాదు, మా మామ సొంత పొలం. పొలంలో మోటబావి, బావి గట్టున మోట గిలకను మోసే రెండు రాతిస్తంభాలు. మనిషికంటే ఎత్తైనవి, మా ముత్తాత నిలబెట్టినవి. తగ్గిన నీళ్లలో వాటి తలలు జానెడు కిందే ఉన్నాయి.

పెద్ద చప్పుడేమీ కాలేదు. అడుగున ఎవరో గోరుతో గీకినట్టయింది, ఆ తర్వాత ఒక పలక విరిగింది. పడవ ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది. నా కొత్త బూట్లలోకి మెల్లగా నీళ్లు వచ్చాయి. మామ వంగి నీళ్లలోకి చూశాడు. తాడు ఒరిపిడికి గాడిపడిన ఆ రాయిని గుర్తుపట్టడానికి ఆయనకు ఎవరి ఓటూ అక్కర్లేకపోయింది.

“మన బాయే,” అన్నాడు.

అప్పుడు మొదలైంది ఏడుపు. అత్త పిల్లను భుజం మీదికెత్తి పట్టుకుని నిలబడింది. మామ ఎద్దుగంటను ఎడాపెడా మోగిస్తే, దూరంగా వలలు తీస్తున్న చేపలవాళ్లు విని, బుట్టల్లాంటి గుండ్రటి పుట్టులు వేసుకుని వచ్చారు. ముందు అత్తనూ పిల్లనూ దించుకున్నారు, ఆ తర్వాత ముసలివాళ్లను. పుట్టిలో కూర్చున్నాక కూడా చిన్నతాత, బడి కాస్త పక్కకు జరిగి ఉంటుందని వాదించాడు. చీర మూట అమ్మమ్మ నెత్తి మీద పొడిగానే ఉంది. లడ్డూలు చేపలకు పోయాయి.

అందరూ దిగాక మామ ఒక్కడే మిగిలాడు. మునిగిన స్తంభం తల మీద నిలబడి, మోకాటి కింద నీళ్లలో, పడవ తాడును రెండు చేతులా పట్టుకుని, మోట తోలేవాడిలా వెనక్కి వాలి ఆపుకున్నాడు. పడవ నిండుతూనే ఉంది. చేపలవాళ్లు విడువు, విడువుమని అరిచారు. చాలాసేపటికి విడిచాడు.

ఎవరూ చావలేదు. నిశ్చితార్థం తడిబట్టలతోనే అయింది. మామ పెబ్బేరులో ఒక మిల్లుకు కావలి కుదిరాడు, మళ్లీ నీళ్ల వైపు పోలేదు. ఈ కథ మాత్రం మా ఇళ్లలో ప్రతి పెండ్లికీ నేను చెప్పవలసిందే. చెప్పిన ప్రతిసారీ చిన్నతాత మాటలు కొన్ని పెరిగేవి. మామ బతికున్నన్నాళ్లూ కాస్త దూరంగా కూర్చుని వినేవాడు, అందరూ నవ్వినప్పుడు తానూ నవ్వేవాడు.

ఇప్పుడు ఆ నీళ్ల మీదికి సెలవుల్లో కార్లేసుకుని వస్తున్నారు. మునగకుండా నారింజరంగు కోట్లు తొడుక్కుని, ఫోటోలు తీసుకుని పోతున్నారు. అది మంచిదే, మాకు కోట్లు లేవు. ఫోనులోని పటంలో ఆ చోటు చూస్తే అంతా ఒకే నీలం, బడీ లేదు, చావడీ లేదు. అది ఏ గోడ అని తగువులాడుకోగలిగినవాళ్లలో నేనూ అత్తా తప్ప ఎవరూ మిగల్లేదు. తప్పుదారి పట్టడానికైనా ఆ ఊరు తెలిసుండాలి కదా అనిపిస్తుంది.

మొన్న గృహప్రవేశంలోనూ భోజనాలయ్యాక పిల్లలు చుట్టూ చేరి, తాతా, పడవ కథ చెప్పమన్నారు. ఆనాటి చంటిపిల్ల, ఈనాటి ఇంటి యజమానురాలు, అందరికంటే ముందు కుర్చీ వేసుకుంది. ఓట్ల దగ్గర బాగా నవ్వారు, లడ్డూల దగ్గర ఇంకా నవ్వారు. గోడవారగా కూర్చుని వక్క కొరుకుతున్న అత్త అంతా విని, నవ్వులు సద్దుమణిగాక నా వైపు చూసింది.

“నీకు కత మంచిగనే ఉంటది అల్లుడా. మాది భూమి రెండుసార్లు మునిగింది.”