క్యాన్లో మిగిలిన నీళ్ళు

పెద్దసార్ పోయారని సోమవారం పొద్దున మా పాత ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే రెడ్డెమ్మ ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు కుప్పంలో, ఇప్పుడు పనిచేస్తున్న బట్టల ఫ్యాక్టరీలో, మేడ మీది నా గదిలో ఉన్నాను. బల్ల మీద ఒక రిపోర్టు ఉంది. దానికి నా సంతకం ఒక్కటే బాకీ.

"మేడమ్, పెద్దసార్ పోయినారంట. రాత్రి నిద్రలోనే పోయినారంట. పుంగనూరులో ఇంటికాడే ఉండారు. నేను లైన్లో చెప్పి బయల్దేరతాండాను. మీరు వస్తారా?" అంది.

వస్తానన్నాను. రిపోర్టు సొరుగులో పడేసి బస్టాండుకు వెళ్ళాను. పలమనేరులో బస్సు మారేదాకా బాగానే ఉన్నాను. గంగవరం పేరున్న బోర్డు కనిపించగానే ఏడుపు ఆగలేదు. అది ఆయన పుట్టిన ఊరు. పక్కన కూర్చున్నావిడ ఏమీ అడక్కుండా కిటికీ సీటు నాకిచ్చింది.

మదనపల్లె నుంచి పుంగనూరు వచ్చే దారిలో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. పెద్దసార్ అక్కడ పర్సనెల్ ఆఫీసరు. గేటు దగ్గర టైమ్‌కీపరుగా చేరి ఆ కుర్చీ దాకా వచ్చిన మనిషి. నేను ఎంబీయే పట్టా పట్టుకుని, మెడలో ఐడీ కార్డు వేసుకుని, ఆయన కింద ట్రైనీగా చేరాను. పనివాళ్ళకు శిక్షణలు, సంక్షేమ కార్యక్రమాలు పెట్టడం, పెట్టినవి పనిచేశాయో లేదో తేల్చడం మా పని. మొదటిది అందరూ చేస్తారు, ఫోటోలు కూడా తీయించుకుంటారు. రెండోది చేసిన మనిషిని నా ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్కరినే చూశాను.

ఎవరు ఎదురుపడినా ఆయన అడిగే మొదటి మాట "నీళ్ళు తాగినావామ్మా?" అనే. ఊళ్ళో అందరూ టిఫినైందా అని అడుగుతారు, ఈయనేమిటి నీళ్ళంటారు అని మేం ట్రైనీలం వెనక నవ్వుకునేవాళ్ళం. సగం చేతుల చొక్కా, జేబులో పెన్ను కాదు, పెన్సిల్. మేం అచ్చు వేయించిన ఫీడ్‌బ్యాక్ ఫారాలను తిరగేసి, వెనక తెల్లవైపు తన నోట్సు రాసుకునేవారు. ముందు వైపు కంటే అదే ఎక్కువ పనికొస్తుందని నాకు తర్వాత తెలిసింది.

ఒకసారి పనివాళ్ళకు యోగా పెట్టాం. గురువుగారు వచ్చారు, చాపలు వచ్చాయి, అందరూ అద్భుతం అన్నారు. మూడు నెలలయ్యాక పెద్దసార్ వారం రోజులు సాయంత్రం పూట సోమల ఊరికి వెళ్ళే పనివాళ్ళ బస్సు మెట్ల దగ్గర నిలబడ్డారు. ఏం చూస్తున్నారని అడిగాను.

"మోకాలి మింద చెయ్యేసుకోకుండా ఎంతమంది ఎక్కుతారో సూస్తాండానమ్మా. నొప్పి తగ్గిందా లేదా బస్సుకాడ తెలుస్తాది. కాగితంలో ఎట్ల తెలుస్తాది?"

అప్పుడు కూడా నవ్వాను. ఆ వయసు అలాంటిది.

నా నవ్వు మాన్పించింది నేను సొంతంగా పెట్టిన మొదటి కార్యక్రమం. కుట్టు మిషన్ల లైన్లలో సూపర్‌వైజర్లు ఆడవాళ్ళను నోటికొచ్చినట్టు తిడుతున్నారని, వాళ్ళకు మర్యాదగా మాట్లాడడం నేర్పే శిక్షణ పెట్టించాను. బెంగళూరు నుంచి ఇద్దరిని పిలిపించాను. నెల తర్వాత కుట్టేవాళ్ళ చేత ఫారాలు నింపించాను. ఒక్క ఫారం మిగలకుండా అన్నిటిలోనూ "చాలా బాగుంది" మీదే టిక్కు. నా ప్రొబేషన్ ముగియబోతోంది. ఈ రిపోర్టు హెడ్డాఫీసుకు వెళ్తే ఉద్యోగం ఖాయం. గాల్లో తేలుతూ వెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను.

ఆయన ఫారాలు తిప్పి చూశారు. "ఇవి ఎవురు వసూలు చేసినారమ్మా?"

"సూపర్‌వైజర్లే సార్."

"టీకి ముందా, తర్వాతా?"

"ముందే సార్. ఫారం ఇచ్చినవాళ్ళకు టీ ఇచ్చాం."

"టీ రాకముందు బాలేదని ఎవురు రాస్తారమ్మా?" అన్నారు నవ్వకుండా. "అందరూ బాగుందని రాసినారంటే ఎవురూ రాయలేదనే లెక్క. సాయంత్రం నాలుగింటికి రా, లైన్లోకి పోదాం."

ఏప్రిల్ ఎండలు, రేకుల షెడ్డు. లైనుకు నలభై మంది ఆడవాళ్ళు. లైను చివర స్టూలు మీద నీళ్ళ క్యాను. ఆయన దాన్ని రెండు చేతులతో కొద్దిగా వంచి చూపించారు. పొద్దున పెట్టిన క్యాను, మెడ దాకా నీళ్ళున్నాయి.

"ఇంటి నుంచి తెచ్చుకుంటారేమో సార్" అన్నాను.

ఆయన మిషన్ల మధ్య నడిచారు. ప్రతి మిషను పక్కనా సీసా ఉంది. ప్రతి సీసా నిండుగా ఉంది. రెడ్డెమ్మ దగ్గర ఆగారు. అప్పటికి ఆమె సోమల నుంచి కొత్తగా చేరిన పిల్ల.

"యాలమ్మా, నీళ్ళు తాగలేదు?"

రెడ్డెమ్మ గుడ్డ మీంచి చూపు ఎత్తలేదు. "తాగితే పోవల్ల కద సార్."

ఎక్కడికి పోవాలో అప్పుడర్థమైంది నాకు. సూపర్‌వైజరు బల్ల పక్కన మేకుకు ఒక చెక్కబిళ్ళ వేలాడుతోంది. లైనుకొకటే బిళ్ళ. అది తీసుకునే బాత్రూముకు వెళ్ళాలి. వెళ్ళినామె తిరిగొచ్చి బిళ్ళ తగిలిస్తేనే ఇంకొకరు లేవాలి. రోజూ ఆ బిళ్ళ ముందునుంచి నడిచిన దాన్ని నేను. దాన్ని ఎప్పుడూ చూడలేదు.

"సూపర్‌వైజరన్న ఇప్పుడు తిట్టడు సార్" అంది రెడ్డెమ్మ, పాపం నా శిక్షణను వెనకేసుకొస్తూ. "నవ్వుతానే చెప్తాడు, బిళ్ళ ఖాళీ లేదమ్మా అని."

సిగ్గుతో నా మొహం మండిపోయింది. దానితోపాటు నాకింకోటి కూడా కలిగింది, ఈ రోజుకీ తగ్గలేదు. ఒక మనిషి నీళ్ళ క్యాను వంచి, నలభై మంది నోరు తెరిచి చెప్పలేనిది చదవగలడా అన్న ఆశ్చర్యం. నేను నేర్చిన ఏ పుస్తకంలోనూ ఆ చూపు లేదు.

గదికొచ్చాక గొణిగాను. "ఇది రాస్తే నా ప్రొబేషన్ ఏమవుతుంది సార్?"

"ఏమో, ఒక మూణ్ణెల్లు పొడిగిస్తారేమో. నువ్వు ఆ మూణ్ణెల్లు ఓర్చుకోగలవు. వాళ్ళను సూడు, దినామూ ఓర్చుకుంటాండారు."

రిపోర్టు ఆయనే దగ్గర కూర్చుని రాయించారు. మొదటి వాక్యం ఆయనది: "శిక్షణ వల్ల తిట్లు తగ్గాయి, దాహం తగ్గలేదు." చివర నా పేరుకు పైన తన పేరు రాసుకున్నారు, వచ్చే చీవాట్లు ముందు తనకే తగలాలని.

వచ్చాయి కూడా. హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి, నీళ్ళు కొలిచి శిక్షణను అంచనా వేయమని ఏ మాన్యువల్లో ఉందని గొంతు పెంచాడు. పెద్దసార్ పెంచలేదు. "ఒక దినం ఆ క్యాను పక్కన కూసోని సూడండి సార్" అన్నారు. హెడ్డాఫీసు మనిషి పంతానికి కూర్చున్నాడు. షిఫ్టు అయ్యేదాకా కూర్చున్నాడు. మర్నాడు అన్ని లైన్లలోనూ బిళ్ళలు తీసేశారు. నా ప్రొబేషన్ మాత్రం పెద్దసార్ చెప్పినట్టే మూడు నెలలు పొడిగించారు.

కొన్ని వారాలకు, ఒక మధ్యాహ్నం లైన్లోంచి ఎవరో కేకేశారు, క్యాను అయిపోయింది, ఇంకోటి తెమ్మని. పెద్దసార్ గదిలోంచి లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

పుంగనూరులో వాళ్ళింటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. వసారా నిండా మా లైన్ల ఆడవాళ్ళే. పెద్దసార్ వాళ్ళావిడ నన్ను చూసి, కన్నీళ్ళు పైటతో ఒత్తుకుంటూ లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది.

"ముందు తాగమ్మా. ఆయనుంటే అదే అడిగేవాడు."

తాగాను. అప్పుడు చెప్పింది, నాకు ఇన్నేళ్ళూ తెలియనిది.

"మా అత్త చెనిక్కాయ చేలల్లో కూలికి పోయేది. కనుచూపు మేర చాటు లేని చేండ్లు. చీకటి పడితే గానీ పోయేదానికి లేదని, పొద్దన్నుంచి గుక్కెడు నీళ్ళు తాగేది కాదంట. కిడ్నీలు చెడిపోయి చచ్చిపోయింది. ఈయన అప్పుడు పదో తరగతి. ఎవురికీ చెప్పుకోలేదు. నాకే పెండ్లయిన ఎన్నో ఏండ్లకి చెప్పినాడు."

పెద్దసార్ హెడ్డాఫీసు మనిషి ముందు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే వాదన అక్కడే ముగిసేది. చెప్పలేదు. తల్లి చావును వాడుకోకుండా, క్యాను పక్కన కుర్చీ వేసి ఊరుకున్నారు. మేం వెనక నవ్వుకున్న నీళ్ళ పలకరింపు పుట్టింది ఆ తల్లి దాహం నుంచి. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని మనసులోనే క్షమాపణ అడిగాను.

మర్నాడు కుప్పంలో సొరుగు తెరిచి రిపోర్టు బయటికి తీశాను. మా సూపర్‌వైజర్ల శిక్షణ మీద ఫోన్లో చేయించిన సర్వే అది. అందరూ ఐదు నక్షత్రాలే ఇచ్చారు. ఆయన నేర్పింది నేను మరిచిపోలేదు, కానీ మేడ మీదికి మారాను. ఇక్కడ బిళ్ళ లేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాను. నా సంతకం పైన సంతకం పెట్టే మనిషి ఇప్పుడు లేరు. పెన్ను మూత పెట్టి, నాలుగింటిదాకా ఆగి, కిందికి దిగాను.

మూడో లైను చివర స్టూలు మీద క్యాను ఉంది. దాని మూత మీద సీలు కూడా ఊడలేదు.

గోటితో సీలు చింపి, గ్లాసు నింపుకుని అక్కడే నిలబడి తాగాను. దగ్గరి మిషను మీదున్న పిల్లను అడిగాను, "నీళ్ళు తాగినావామ్మా?" అని. ఆ పిల్ల నన్ను చూసింది. తర్వాత సూపర్‌వైజరు వైపు చూసింది. నేను కదల్లేదు. కాసేపటికి మిషను ఆపి, నిండుగా ఉన్న తన సీసా ఒళ్ళో పెట్టుకుని, మెల్లిగా మూత తిప్పింది.